ప్రమాదమను పదమునకు రెండర్థములు

మన భాషలో ప్రమాదమను మాటకు నేడు వ్యవహారమున నున్న అర్థము ఆపద. రైలు ప్రమాదము, బస్సు ప్రమాదము, అగ్నిప్రమాదము అని పత్రికలలో నిత్యము చదువుచున్నాము. ఒక కార్యము ప్రమాదవశమున జరిగినదనినచో, అది మనుష్యప్రయత్నముతో నిమిత్తము లేక, దైవికముగా సంభవించినదని మన భావము. కాని ఆ పదము సంస్కృతమునుండి వచ్చునప్పుడు వెంట తెచ్చుకొన్న అర్థము వేఱు. ప్రమాదమనగా ఏమరుపాటు, చేయవలసిన పనియందు మనస్సు నిలుపకుండుట. మహాభారతమున ఉద్యోగపర్వములో సనత్సుజాతుడు ధృతరాష్ట్రునకు తత్త్వము బోధించుచు, మృత్యువనునది ఎక్కడనో వేఱుగా లేదనియు, ప్రమాదమునే తాను మృత్యువని పలుకుదుననియు చెప్పినాడు. బౌద్ధుల ధమ్మపదమున రెండవ వర్గము పేరే అప్పమాదవర్గము. ఏమరకయుండుటయే దాని విషయము.

పూర్వులకు కారణము పేరైనది మనకు ఫలితము పేరైనది. ఈ మార్పులో ఒక సౌకర్యము కలదు. ఏమరినవాడు మెల్లగా మాటలోనుండి తప్పుకొనును. ఆపద మాత్రము మిగిలియుండును. ఆపదకు కర్త అక్కఱలేదు కదా! ఈ రెండర్థములలో ఏది న్యాయమైనదని తేల్చుటకు ఒక మంచి ఉదాహరణము కావలెను. వైమానికులు అట్టిదానిని మనకు సమకూర్చియున్నారు. పిడుగు పడక, తుపాను రాక, యంత్రము చెడక, కేవలము ఇంధనము అయిపోయి, చిన్న విమానము దారిమధ్యమున ఏ పొలములోనో దిగవలసివచ్చుటయే ఆ ఉదాహరణము.

ముందు అది ఎట్లు జరుగునో చూతము. నలుగురు కూర్చుండదగిన సెస్నా 172 అను విమానమును తీసికొందము. దాని పెట్రోలు టాంకులు రెండును రెక్కలలో నుండును. రెక్కలు పైభాగమున నుండుటచేత ఇంధనము తన బరువుచేతనే ఇంజనునకు దిగును. ఆ ధార తెగినప్పుడు ఇంజను రెండుమూడు మాఱులు దగ్గినట్లయి ఆగిపోవును. సామాన్యులు తలంచునట్లు విమానము వెంటనే రాయివలె పడదు. రెక్కలపై గాలి ఒరసికొని పోవుచున్నంతసేపు అది తేలుచునే యుండును. గంటకు సుమారు 120 కిలోమీటర్ల వేగమును నిలుపుకొన్నచో, ఒక కిలోమీటరు ఎత్తు తఱుగులోపల అది రమారమి తొమ్మిది కిలోమీటర్లు ముందునకు సాగగలదు. అనగా వేయి మీటర్ల ఎత్తున ఇంజను ఆగినవాని చేతిలో మిగిలినది నాలుగున్నర నిమిషములు. ఆ కొద్దిపాటి కాలములో అతడు వేగమును సరిచేసికొనవలెను. గాలి ఎటునుండి వీచుచున్నదో పొగను బట్టియో, చెఱువు నీటిపై అలలను బట్టియో తెలిసికొనవలెను. దిగుటకు చోటు నిర్ణయింపవలెను. రెండవ టాంకున ఏమైన మిగిలినదేమో మరతిప్పి చూడవలెను. రేడియోలో ఆపద చాటవలెను. నేల తాకకముందే తలుపుల గడియలు తీసియుంచవలెను, లేనిచో తాకిడికి అవి బిగిసికొని లోనివారు బయటపడలేరు.

ఇన్ని పనులలోను కష్టమైనది ఆశను చంపుకొనుట. చేరువనున్న పొలము దున్నిన చాళ్లతో ఎగుడుదిగుడుగా నుండును. దూరమున ఒక చదునైన పచ్చికబయలు కనబడును. దాని నందుకొనవలెనని విమానపు ముక్కు పైకెత్తినచో వేగము నశించును, రెక్కలు పట్టుదప్పును, అప్పుడది నిజముగనే రాయివలె పడును. అందని మంచిచోటికంటె అందిన చెడ్డచోటు మేలని తెలిసికొని, ఆ చాళ్లలోనే నిబ్బరముగా దింపినవాడు బ్రదుకును; తన్ను నమ్మి ఎక్కినవారిని బ్రదికించును. మఱునాడు పత్రికలలో అతని బొమ్మ పడును. అతడు పొగడ్తకు తగినవాడే. నాకందు సందేహము లేదు. కాని పొగడ్త ముగిసిన పిమ్మట ఒక ప్రశ్న మిగులును: పెట్రోలు ఏల అయిపోయినది?

అమెరికా సంయుక్తరాష్ట్రములలో రవాణా ప్రమాదములను విచారించు జాతీయ భద్రతామండలి 2017లో ఈ విషయమై వైమానికులకు ఒక హెచ్చరిక ప్రకటించినది. 2011 మొదలు 2015 వఱకు ఆ దేశమున ఇంధనవిషయమైన ప్రమాదములు ఏటేట సగటున ఏబదికి మించి జరిగినవని అందు చెప్పబడినది. వానిలో నూటికి 56 ఇంధనము పూర్తిగా అయిపోయినవి. నూటికి 35 టాంకులలో ఇంధనముండియు ఇంజనునకు చేరనివి. మొత్తము మీద నూటికి తొంబదియైదింటిలో మనుష్యుల లోపము కలదట. ఇంతకంటె నన్నాకర్షించిన విషయము మఱొకటి యున్నది. అట్టి చిక్కులో పడినవారిలో నేర్చుకొనుచున్న విద్యార్థులు నూటికి ఇద్దఱు మాత్రమే. రమారమి సగముమంది వృత్తిగా విమానము నడుపుటకు అర్హత సంపాదించిన పెద్దలు. విద్యార్థికి భయము తోడుగా నుండును. భయము అతనిచేత టాంకు మూత తీయించి చూపించును. అనుభవజ్ఞునకు నిన్నటి ప్రయాణము జ్ఞాపకమున నుండును. నిన్న సరిపోయినది నేడును సరిపోవునని అతడు నమ్మును. ఆ నమ్మకము తప్పని రుజువు చేయుటకు ఇంధనము తప్ప వేఱు సాక్షి లేదు. ఆ సాక్షి ఆకాశమున గాని నోరు విప్పదు.

ఆ దేశపు నిబంధనల ప్రకారము, కంటిచూపుతో త్రోవ చూచుకొనుచు పోవు విమానము పగలు బయలుదేఱునప్పుడు, గమ్యము చేరిన పిదప మఱి అరగంట ఎగురుటకు చాలునంత ఇంధనము ఉండవలెను. రాత్రియైనచో ముప్పాతిక గంటకు చాలవలెను. ఈ అరగంట ఎవరిది? నైతికమైన చిక్కు అంతయు ఇక్కడనే యున్నదని నా అభిప్రాయము. పైలట్ దానిని తన సొత్తనుకొనును. ఎదురుగాలి వీచినప్పుడు దానినుండి పది నిమిషములు తీసికొనును. దారిలోని ఊరిలో ఆగి పెట్రోలు పోయించుకొనుటకు బద్ధకించి మఱి పది నిమిషములు తీసికొనును. క్షేమముగా దిగును. ఎవరికిని ఏ నష్టమును కలుగలేదు. ఐనను అతడొక వస్తువును వాడుకొన్నాడు. అది అతనిది కాదు. మన పెద్దలు ఇల్లడ యని ఒక మాట వాడెడివారు. నమ్మకముతో మనవద్ద దాచుకొన్న ఇతరుల ద్రవ్యమునకు ఆ పేరు. ఇల్లడసొమ్మును వాడుకొని, అడుగువేళకు మరల పెట్టెలో పెట్టినవాడు పట్టుబడకపోవచ్చును. అతడు చేసినది మాత్రము మాఱదు. ఆ అరగంట వెనుక కూర్చున్న ప్రయాణికులది. క్రింద పొలములో కలుపు తీయుచున్న స్త్రీలది. ఆ త్రోవను ఎన్నడును చూడని వారిది.

విమానములకును మనకును ఏమి సంబంధమని కొందఱనుకొనవచ్చును. బళ్ళారిలో స్థిరపడిన మనవారు అట్లనరు. 1932 అక్టోబరు 15న జహంగీర్ టాటా కరాచీనుండి పస్‌మోత్ అను ఒంటి ఇంజను చిన్నవిమానములో టపా సంచులతో బయలుదేఱి, అహమ్మదాబాదు మీదుగా బొంబాయి చేరినాడు. అక్కడినుండి నెవిల్ విన్సెంట్ ఆ టపాను బళ్ళారి మీదుగా మద్రాసునకు తెచ్చినాడు. బళ్ళారి అప్పటికి మద్రాసు రాజధానిలోనిది. అది మైసూరు రాష్ట్రమున చేరినది 1953లో. ఆ తొలి ప్రయాణమున అహమ్మదాబాదు విమానస్థలమునకు పెట్రోలు డబ్బాలు ఎద్దుబండిపై వచ్చినవి. ఎద్దుబండి ఇంధనము మోసికొనివచ్చి విమానమునకు పోయుట నవ్వు పుట్టించు దృశ్యమే. కాని ఆ పద్ధతిలో ఒక గుణము కలదు. డబ్బా కంటికి కనబడును. దానిని ఎత్తి పోసినవాని చేతికి దాని బరువు తెలియును. లెక్క తప్పినచో తప్పినవాడెవడో అందఱికిని తెలియును.

తరువాతి కాలమున లెక్క చేతినుండి కాగితమునకు, కాగితమునుండి యంత్రమునకు పోయినది. అట్టి కాలమున జరిగిన ఒక వృత్తాంతము చిన్న విమానమునకు సంబంధించినది కాకపోయినను దానిని కొంచెము వివరముగా చెప్పవలెను. ఏలయన మన ప్రశ్న అందు సంపూర్ణముగా కనబడుచున్నది.

1983 జూలై 23న ఎయిర్ కెనడా వారి బోయింగ్ 767 విమానము మాంట్రియల్‌నుండి ఒట్టావా మీదుగా ఎడ్మంటన్ పోవలసియుండెను. ఇంధనమును చూపు యంత్రము పనిచేయకుండెను. కావున టాంకులను కొలతకఱ్ఱలతో కొలిచిరి. 7,682 లీటర్లున్నట్లు తేలినది. కావలసినది 22,300 కిలోగ్రాములు. కెనడా దేశము అప్పుడప్పుడే దశాంశమానమునకు మారుచుండెను. ఆ సంస్థ విమానములలో కిలోగ్రాములలో లెక్కింపవలసినవి ఈ క్రొత్త విమానములే, తక్కినవన్నియు పౌనులలోనివి. లీటరును బరువుగా మార్చుటకు వారికి అలవాటైన అంకె 1.77. అది పౌనుల అంకె. కిలోగ్రాములకైనచో 0.803తో గుణింపవలెను. వారు 1.77తో గుణించి, వచ్చిన పౌనులను కిలోగ్రాములనుకొని, 4,917 లీటర్లు మాత్రము పోయించిరి. నిజమునకు పోయవలసినది 20,088 లీటర్లు. ఒట్టావాలో మరల కొలిచిరి, మరల అదే అంకెతో గుణించిరి, మరల సరిపోయినది. తప్పు లెక్కను తప్పు అంకెతోనే సరిచూచినచో అది ఎన్నిమాఱులైనను సరిపోవును.

సుమారు 41,000 అడుగుల ఎత్తున మొదట ఒక ఇంజను, పిదప రెండవది ఆగినవి. విమానములో అఱువదితొమ్మండుగురు కలరు. కెప్టెన్ రాబర్ట్ పియర్సన్ వినోదముగా ఇంజను లేని గ్లైడరులను నడుపు అలవాటు కలవాడు. సహచరుడైన మారిస్ క్వింటాల్ వెనుక సైన్యమున పనిచేసినప్పుడు గిమ్లీ అనుచోట మూతవడిన వాయుసేనాస్థావరమును ఎఱిగినవాడు. అటు త్రిప్పిరి. ఆ రన్‌వేలో కొంతభాగము మోటారు పందెములకు వాడబడుచున్నదని వారెఱుగరు. ఆనాడు అక్కడ కార్ల సంఘమువారు కుటుంబములతో వచ్చి వేడుక చేసికొనుచుండిరి. ఇంజను చప్పుడు లేని ఆ మహావిమానము ఎత్తు ఎక్కువగా వచ్చుచున్నందున, పియర్సన్ దానిని ప్రక్కవాటుగా జార్చి, గ్లైడరును దింపినట్లు దింపెను. ముందుచక్రము విఱిగి ముక్కు నేలనొరసికొని నిలిచినది. విమానమునుండి దిగుటలో పదిమందికి స్వల్పగాయములు తగిలినవి. ఒక్క ప్రాణము పోలేదు.

(గిమ్లీ ఐస్‌లాండునుండి వలసవచ్చినవారు 1875లో వినిపెగ్ సరస్సు ఒడ్డున కట్టుకొన్న ఊరు. తమ పురాణములలో లోకప్రళయమున మిగిలినవారు నివసించు మందిరము పేరును ఆ ఊరికి పెట్టుకొన్నారు. పరదేశమున స్థిరపడి పాతపేర్లు విడువనివారు మనమొక్కరమే కాదు.)

తరువాతి కథ వినుడు. సంస్థవారు పియర్సనును ఆఱు నెలలపాటు పదవిలో తగ్గించిరి; క్వింటాల్‌ను రెండు వారములు తొలగించి యుంచిరి. 1985లో అంతర్జాతీయ వైమానిక సమాఖ్య అసాధారణ వైమానిక నైపుణ్యమునకై వారికే యోగ్యతాపత్రమిచ్చి గౌరవించినది. ప్రభుత్వము నియమించిన న్యాయమూర్తి లాక్‌వుడ్ విచారణసంఘము పైలట్ల నేర్పును కొనియాడి, ఇంధనపు లెక్క ఎవరు చేయవలెనో స్పష్టముగా నిర్ణయింపని సంస్థ నిర్వాహకులను తప్పుపట్టినది. వెనుకటి విమానములలో ఆ పనికి మూడవవాడైన ఇంజనీరు ఉండెడివాడు. క్రొత్త విమానములో అతనిని తీసివేసిరి. అతని పనిని ఎవరికిని అప్పగింపరైరి.

ఒకే దినమున ఒకే మనుష్యుడు చేసిన పనికి శిక్షయు సన్మానమును కలుగుట అసంబద్ధమని చాలమంది ఎంచుదురు. శిక్షింపదగినవాడైనచో సన్మానమేల? సన్మానింపదగినవాడైనచో శిక్షయేల? నాకిందు అసంబద్ధత తోపదు. మనవారిలో వర్తకకుటుంబములు చాల కలవు. వారికి ఈ సంగతి సులువుగా బోధపడును. ఒక ఖాతాలోని జమను మఱొక ఖాతాలోని ఖర్చునకు కొట్టివేయు గుమాస్తాను ఏ సాహుకారును ఉంచుకొనడు. దింపుటలోని నేర్పు ఒక పద్దు. లెక్కలోని ఏమరుపాటు వేఱొక పద్దు. మొదటిది రెండవదానిని చెరిపినదని చెప్పుట అబద్ధపు చిట్టా. అట్లే రెండవది మొదటిదానిని చిన్నదిగా చేసినదనుటయు అబద్ధమే. ఆ ఏమరుపాటును ఎవరెవరి పేర వ్రాయవలెనను విషయమున మాత్రము నేను సంస్థవారితో ఏకీభవింపను, న్యాయమూర్తితో ఏకీభవింతును. కొలిచినవారు, గుణించినవారు, సరిచూచినవారు, సంతకము పెట్టినవారు పలువురు. పలువురు పట్టుకొన్న పళ్లెము జాఱినప్పుడు చివర పట్టుకొన్నవానిని తిట్టుట లోకరీతి.

ఇప్పుడు వేఱొక పైలట్‌ను ఊహింపుడు. అతడును అదే లెక్క తప్పినాడు. కాని అతనికి గ్లైడరు నడుపుట రాదు. చేరువలో పాత రన్‌వేయు లేదు. అఱువదితొమ్మండుగురు మరణించిరి. వీరిద్దఱి ఏమరుపాటు ఒక్కటే. దోషము ఒక్కటేనా? 1976లో బెర్నార్డ్ విలియమ్స్, థామస్ నేగెల్ అను తత్త్వవేత్తలు ఇరువురు ఈ ప్రశ్నను లేవనెత్తి, దీనికి నైతికమైన అదృష్టమని పేరుపెట్టిరి. మన అధీనములో లేని విషయములచేత మన మంచిచెడ్డలు నిర్ణయింపబడరాదని మన బుద్ధి చెప్పును. కాని మనము నిత్యజీవితమున ఫలితమును చూచియే తీర్పు చెప్పుచున్నాము. మన ధర్మాసనములును అట్లే చేయుచున్నవి. అజాగ్రత్తచేత ఇతరుల ప్రాణమునకు అపాయము కల్పించినవానికి, హాని జరుగనిచో, 1860 నాటి భారతశిక్షాస్మృతి మూడు నెలల కారాగారమును మించి విధింపలేదు. అదే అజాగ్రత్తవలన ప్రాణము పోయినచో రెండేండ్ల వఱకు విధించినది. 2024 జూలైలో అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయసంహిత మొదటిదానిని మూడు నెలలుగనే యుంచి, రెండవదానిని అయిదేండ్లకు పెంచినది. ఏమరుపాటు ఒక్కటే, దానికీ దీనికీ ఇరువది రెట్ల భేదము.

దీనిని కేవలము అన్యాయమని కొట్టివేయజాలము. పోయిన ప్రాణమునకు విలువ లేదని ఏ ధర్మమును చెప్పదు. కాని ఇక్కడ రెండు ఋణములను కలిపివేయుచున్నామని నాకు తోచును. నష్టపోయినవారికి తీర్చవలసిన ఋణము ఫలితమును బట్టి పెరుగును, తరుగును, అది న్యాయము. ఏమరుపాటును గూర్చి మనము సత్యమునకు తీర్చవలసిన ఋణము ఫలితమును బట్టి మాఱదు. మన స్మృతికారులు తెలిసి చేసినదానికిని తెలియక చేసినదానికిని ప్రాయశ్చిత్తములను వేఱువేఱుగా చెప్పిరి గాని, తెలియక చేసినదానికి ప్రాయశ్చిత్తమే లేదనలేదు. పొలములో క్షేమముగా దిగినవాడు ఎవరికిని పరిహారమీయనక్కఱలేదు. పెట్రోలు ఏల అయిపోయినదో చెప్పవలసినది మాత్రము అతనికిని, ప్రాణములు పోగొట్టినవానికిని సమానము.

చెప్పినవానిని శిక్షించినచో ఇక నెవడు చెప్పును? ఇది బలమైన ఆక్షేపణయే. దీనికి వైమానికులే ఒక ఉపాయము కనిపెట్టిరి. అమెరికాలో 1976నుండి నాసా సంస్థ పైలట్ల తప్పిదములను వారి నోటనే విని భద్రపఱచు ఏర్పాటొకటి నడపుచున్నది. బుద్ధిపూర్వకముగా గాక నియమము తప్పినవాడు పది దినములలోపల తానే వ్రాసి తెలిపినచో, సాధారణముగా అతనికి దండన విధింపరు. అతని పేరు తీసివేసి వృత్తాంతమును మాత్రము పదిమందికి తెలుపుదురు. ప్రమాదమే సంభవించినచో ఈ మినహాయింపు వర్తింపదు. ప్రాయశ్చిత్తమునకు ఇంతకంటె మంచి రూపమును ఈ కాలమున నేను చూడలేదు. సిగ్గు తగ్గును, సత్యము పెరుగును.

సిగ్గను మాట వచ్చినది గనుక ఇంకొకటి చెప్పవలెను. మన తెలుగున మొగమాటమని ఒక చక్కని పదము కలదు. అది మర్యాదయా, దోషమా అని తేల్చుట కష్టము. 1990 జనవరి 25న కొలంబియా దేశపు ఏవియాంకా విమానమొకటి న్యూయార్కు చేరినది. వాతావరణము బాగులేనందున గంటకు పైగా దానిని ఆకాశముననే త్రిప్పుచుండిరి. తమకు ఇంధనము తఱిగిపోవుచున్నదనియు, ముందుగా దింపవలెననియు విమానములోనివారు చెప్పిరే గాని, ఆపదలో నున్నామని చాటు మాటను మాత్రము పలుకలేదు. క్రిందనున్నవారు ఆ మాటయే వినుటకు అలవాటుపడినవారు. విమానము కొండవాలున పడి డెబ్బదిముగ్గురు మరణించిరి. పరాయిభాషలో, పరాయివారితో, మన అవసరమును పెద్దగా చెప్పుటకు నోరు రాకపోవుట ఎట్టిదో అన్యభాషాప్రాంతములలో కాపురమున్న మనకు తెలియును. కచేరీలలో, ఆస్పత్రులలో, మన కష్టమును సగము చేసి చెప్పుదుము. వినువారు ఆ సగములో మరల సగము విందురు. 2012లో అంతర్జాతీయ నియమములలో ఇంధనము తఱిగిన విమానము పలుకవలసిన మాటలను ఖండితముగా నిర్ణయించిరి. మొగమాటమునకు తావీయకుండుటకే ఆ ఏర్పాటని నేననుకొందును. చిన్న విమానములవారికిని ఈ జబ్బు కలదు. దారిలో దిగి పెట్రోలు కావలెనని అడుగుట నామర్దాయని తలంచి ముందునకు పోవుదురు.

ఇంతవఱకు విమానములోనివారిని గూర్చి చెప్పితిని. క్రిందనున్నవారి మాట మిగిలియున్నది. 2017 ఆగస్టు 2న పోర్చుగల్ దేశమున లిస్బన్ సమీపమునందలి కపారికా సముద్రతీరమున ఒక చిన్న సెస్నా విమానము ఇంజను ఆగి ఇసుకపై దిగినది. అది వేసవి, తీరమంతయు జనము. ఏబదియాఱేండ్ల పురుషుడొకడు, ఎనిమిదేండ్ల బాలిక యొకతె ఆ తాకిడికి మరణించిరి. విమానములోని ఇరువురకును ఏమియు కాలేదు. ఇంజను ఏ కారణమున ఆగెనో మన ప్రశ్నకు అవసరము లేదు. నీటిలో ఏల దింపలేదని పెక్కుమంది అడిగిరి. నీటిలో దిగిన చిన్న విమానము బోర్లపడవచ్చును, లోనివారు మునిగిపోవచ్చును. ఐనను, ఆకాశయాత్రకు తెగించి వచ్చినవారు వారు. ఇసుకలో ఆడుకొనుచున్న పిల్ల ఏ తెగింపును చేయలేదు. తన యాత్రలోని అపాయమును దానితో సంబంధము లేనివారిమీదికి మళ్లించు హక్కు ఎవనికిని లేదని నా నమ్మకము. నాలుగున్నర నిమిషములలో, చేతులు వణకుచుండగా, ఆ ధర్మమును పాటింపలేనివానిని తిట్టుటకు మాత్రము నాకు నోరు రాదు. అందుచేతనే ఈ ధర్మమును నేలపైన, ఇంకను తీరిక యున్నప్పుడే ఆలోచింపవలెను. తీరిక నున్నప్పటి ధర్మము పెట్రోలు పోయించుకొనుటయే.

విలియమ్స్ చెప్పిన ఒక సంగతి ఇక్కడ జ్ఞాపకము వచ్చుచున్నది. ఏ తప్పును లేకయే లారీక్రింద బిడ్డ పడినచో, ఆ లారీ నడిపినవాని దుఃఖము చూచువారి దుఃఖమువంటిది కాదు. అతనిది తప్పు కాదని మనము ఓదార్చుదుము. కాని అతడు వెంటనే ఓదార్పు పొందినచో మనకే రోత కలుగును. ప్రమాదమునకు క్రొత్త అర్థము మాత్రమే యున్నచో ఈ దుఃఖమునకు అర్థము లేదు.

కొలతల సంగతి మరల ఎత్తుకొందును. అది మనవారికి చిరపరిచితము. తమిళదేశమున స్థిరపడినవారు బజారులో పడితోను, కన్నడదేశమున సేరుతోను కొలిచి కొని, ఇంట మానికల లెక్క చెప్పుకొన్న కాలమొకటి యుండెను. 1957 ఏప్రిల్‌లో నయాపైసలు, 1958 అక్టోబరులో కిలోగ్రాములు వచ్చినప్పుడు వీనిపై ఇంకొక పొర చేరినది. రెండు మూడు కొలతల నడుమ బ్రదికిన గృహిణి ఎన్ని యని అడుగుటకు ముందు ఏ కొలత యని అడుగుట నేర్చుకొన్నది. మాంట్రియల్‌లో ఆనాడు గుణకారము తెలియనివారు లేరు, 1.77 దేనికి చెందిన అంకె యని అడుగువారు లేరైరి. నూనెకుండను పైనుండి చూచి నిండుగనే యున్నదని నమ్మక, పుల్ల ముంచి తడి ఎంతవఱకు ఎక్కినదో చూచుటయు ఆ గృహిణి అలవాటే.

చిన్న విమానములవారు నేటికిని చేయుచున్నది అదియే. ఎదుట గాజుపలకపై ముల్లు ఎంత చూపినను, బయలుదేఱుటకు ముందు నిచ్చెన వేసికొని రెక్కమీది మూత విప్పి, గీతలు గీసిన కఱ్ఱను టాంకులో ముంచి, తడి గుర్తు చూచి, రెండవ రెక్కకు పోయి మరల ముంతురు. ఆ కఱ్ఱపై గీతలు ఆ విమానపు టాంకునకు సరిపడునట్లు గీసినవి. వేఱొక తరగతి విమానపు కఱ్ఱను ముంచినను తడి గుర్తు పడును, అంకె కనబడును. ఆ అంకె మాత్రము ఆ టాంకుది కాదు. కావున మంచి శిక్షకులు శిష్యునిచేత ముందు కఱ్ఱపై వ్రాసిన విమానపు పేరు చదివించి, పిదపనే మూత విప్పనిత్తురు.